హెల్పర్

ఆయుధపూజ రోజు లేతు మిషనుకు పసుపు పూసింది నేనే,
చక్కుకు చామంతి దండ కట్టింది నేనే.
గుమ్మడికాయ కొట్టింది మాత్రం కరిబసప్ప.
పీణ్యా రెండో స్టేజీలో ఏ షెడ్డులోనైనా
కాయ కొట్టేది మగోళ్లు, చిందిన కుంకుమ కడిగేది మేము.
అదంతా నేను లెక్కపెట్టుకోలేదు.

లెక్క మొదలైంది కవర్ల దగ్గర.
నెల జీతమంత బోనసు, మనిషికో కవరు.
క్యాషియరు కళ్లద్దాలు మరిచొచ్చి
అతనిది నాకిచ్చి, నాది అతనికిచ్చినాడు.
టాయిలెట్ గోడ వెనక తడిచేత్తో ఎంచినా.
పంతొమ్మిది వేల నాలుగు వందలు.
మళ్లా ఎంచినా.
నా జీతం పదమూడు వేలు.
ఒక్క నిమిషం సంబరపడినా, అబద్ధమెందుకు చెప్పాల,
ఎవరో నన్ను గుర్తుపట్టినారనుకున్నా.
కవరు తిప్పితే పేరు కనపడింది.
ఇచ్చేసినా. అతనూ నాది ఇచ్చినాడు.
అతనూ ఎంచే ఉంటాడు.

ఒకే ట్యూబులైటు కింద రెండు లేతులు.
పొద్దుగూకేలోపల అతను నూటపది వాల్వులు తిప్పితే
నేను నూటపన్నెండు.
మడకశిర నుంచి వచ్చిన తొలి ఏడు ఊడ్చినా, నూనె పోసినా,
ఇనప పొట్టు గోనెలకెత్తినా.
ఆ తర్వాత ఏడేండ్లూ వాల్వులే.
కాగితంలో మాత్రం ఇంకా ఊడుస్తానే ఉండా,
హెల్పరని.
ఎవురికి హెల్పు సామీ అని అడిగితే
సూపర్వైజరు రాజశేఖరయ్య నవ్వినాడు,
"పేరుదేముందిలేమ్మా."
పేరులో ఆరు వేల నాలుగు వందలుంది.

ఆఫీసు గోడకు చట్టం వేలాడుతుంటుంది, ఫ్రేము కట్టించి,
దాని మీద సిమెంటు కంపెనీ క్యాలెండరు.
ఒక మధ్యాహ్నం క్యాలెండరు పక్కకు జరిపి
కన్నడం కూడబలుక్కోని చదివినా:
ఒకే పనికి, ఒకే తీరు పనికి...
డెబ్భై ఆరులో పుట్టిందంట. నాకన్నా పదకొండేండ్లు పెద్దది,
అక్క వరస.
ఈ మధ్యనే కొత్త చట్టంలో కలిపి దానికీ పేరు మార్చినారని
యూనియనాఫీసు మంగళగౌరక్క చెప్పింది,
పెండ్లయిన పిల్లకు ఇంటిపేరు మార్చినట్ల.
"లోపలుండేది అదే, పో, అర్జీ ఇయ్యి" అనింది.

కార్మిక భవనం మెట్లు నాలుగుసార్లు ఎక్కినా.
నాలుగు రోజుల కూలి కోత.
ఐదోసారి వాళ్లే దిగొచ్చినారు.
ఇన్స్పెక్టరమ్మ చేతిలో గొడుగు, చెప్పుల నిండా బురద.
ఎక్కువ మాట్లాడలేదు. ఇద్దర్నీ చెరొక వాల్వు తిప్పమనింది.
తిప్పినాం. కూలెంటు పాలమాదిరి కారింది.
రెండిటినీ గుడ్డతో తుడిచి, కొంగు చాటున కలిపి, బల్ల మీద పెట్టి
"ఏది ఆపరేటరుది, ఏది హెల్పరుది, తీసి చూపీ" అనింది
రాజశేఖరయ్యతో.

ఆయప్ప మైక్రోమీటరు పెట్టినాడు. వెలుతురుకు ఎత్తినాడు.
వాసన చూస్తాడేమో అనుకున్నా.
షెడ్డంతా మిషన్లు ఆపి చూస్తాండారు.

తర్వాత కరిబసప్పను అడిగింది: నీకు పని నేర్పింది ఎవరు?
రెండు నెలలుగా అతనికి నాతో మాటల్లేవు.
నాకు పెరిగితే తనకు తెగుతుందని ఎవరో చెవిలో ఊదినారు.
బూట్ల కేసి చూసినాడు.
"స్వల్ప ఇవ్రే" అన్నాడు.

స్వల్ప!
సెట్టింగు, టూలు కోణం, గీత పడకుండా
చివరి తిప్పుకు ఊపిరి బిగబట్టేది,
ఏడాది పొడుగునా నా అన్నం గంటల్లో.
కన్నడంలో స్వల్పమంటే ఎంతో
ఆ పొద్దు తెలిసింది.
అయినా అన్నాడు.
అందరి ముందరా అన్నాడు.

ఈ నెల స్లిప్పులో హెల్పరు మీద పెన్నుతో అడ్డగీత,
పైన ఆపరేటరని, వంకర అక్షరాలతో.
జీతం గడిలో అదే పదమూడు.
బకాయి గడిలో 'పరిశీలనలో'.

ప్యాకింగు బల్ల మునిలచ్చుమి నా స్లిప్పు అడిగి తీసుకోని
ఆ గీతను వేలితో తడిమి తడిమి చూసి
"మా పక్కన డబ్బాలు కట్టే సిద్దలింగు కాగితంలో
ఏమని రాస్తారక్కా?" అనింది.